ఇంటి వైరింగ్‌కు ఏ సైజు వైరు వాడాలి: లోడు లెక్క నుంచి పైపులో లాగే దాకా

ఇల్లు కట్టుకుంటున్న వాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఎలక్ట్రీషియన్ వన్ పాయింట్ ఫైవ్ ఇన్ని కాయిళ్లు, టూ పాయింట్ ఫైవ్ ఇన్ని అని చీటీ రాసిచ్చాడు. అది సరైనదో కాదో మాకెలా తెలుస్తుంది?"

తెలుసుకోవచ్చు. ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. ఒక పూట కూర్చుంటే చాలు. అయితే వరస తప్పకూడదు: ముందు లోడు (పరికరాలు లాగే కరెంటు), తర్వాత ఎంసీబీ (కరెంటు హద్దు మించితే తనంతట తానే పడిపోయే స్విచ్), ఆ తర్వాతే వైరు. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా జరుగుతుంది. ముందు వైరు కొనేస్తారు, గోడలో వేసేస్తారు, ఏసీ బిగించే రోజున సరిపోతుందా అని ఆలోచిస్తారు. అప్పటికి ప్లాస్టరింగ్, పెయింటింగ్ కూడా అయిపోయి ఉంటాయి.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ లెక్కలు సైజు నిర్ణయించుకోవడానికి, జరుగుతున్న పనిని పరిశీలించుకోవడానికి. కనెక్షన్లు మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే ఇప్పించండి.

## 1. మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

□ ఇంటి ప్లాను కాపీ. మీటరు, డీబీ (ఎంసీబీలన్నీ ఉండే డిస్ట్రిబ్యూషన్ బోర్డు), ప్రతి స్విచ్‌బోర్డు ఎక్కడ వస్తాయో దాని మీద గుర్తు పెట్టండి.

□ కొలత టేపు.

□ పెట్టబోయే ఏసీ, గీజర్, ఇండక్షన్ స్టవ్, మోటారు నేమ్‌ప్లేటు ఫొటోలు. ఇంకా కొనకపోతే కొనాలనుకున్న మోడల్ వివరాలు.

□ క్యాలిక్యులేటర్.

□ దొరికితే ఒక స్క్రూగేజి. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో తిప్పిన స్క్రూగేజే. దాని పని షాపు దగ్గర పడుతుంది.

## 2. వైరు మీద ఉన్న అంకె దేన్ని చెబుతుంది

షాపులో అందరం "టూ పాయింట్ ఫైవ్ ఎంఎం వైరు" అంటాం. గందరగోళం అక్కడే మొదలవుతుంది. అది మిల్లీమీటర్లు కాదు, చదరపు మిల్లీమీటర్లు. వైరును అడ్డంగా కోస్తే కనిపించే రాగి వైశాల్యం అది. పైనున్న ప్లాస్టిక్ తొడుగు ఆ లెక్కలోకి రాదు.

తేడా చిన్నదేం కాదు. 2.5 చ.మి.మీ. రాగిని ఒకే తీగగా చేస్తే దాని మందం సుమారు 1.78 మి.మీ. ఉంటుంది. నిజంగా 2.5 మి.మీ. మందం ఉన్న తీగ అయితే దాని వైశాల్యం 4.9 చ.మి.మీ., అంటే దాదాపు రెండింతలు. అందుకే స్కేలు పెట్టి వైరు మందం కొలిచి సైజు చెప్పడం కుదరదు. తొడుగు లావుగా ఉండి లోపల రాగి తక్కువున్న వైరు చేతికి బరువైన వైరులాగే అనిపిస్తుంది.

ఇళ్లలో వాడే సైజులు 1, 1.5, 2.5, 4, 6, 10 చ.మి.మీ. మీటరు దగ్గర పెద్ద లోడు ఉంటే 16 కూడా వస్తుంది. టేబుల్ ఫ్యాను, మిక్సీ లాంటి వాటి త్రాళ్లలో 0.5, 0.75 ఉంటాయి. వాటిని గోడలో వాడకూడదు.

లోపల ఉండేది ఒక్క తీగ కాదు, సన్నటి పోగుల కట్ట. లేబుల్ మీద 36/0.3 అని ఉంటే 0.3 మి.మీ. మందమున్న పోగులు 36 అని అర్థం. మన మార్కెట్లో ఎక్కువగా కనిపించే అమరికలు ఇవి:

- 1 చ.మి.మీ.: 14/0.3
- 1.5 చ.మి.మీ.: 22/0.3 లేదా 30/0.25
- 2.5 చ.మి.మీ.: 36/0.3 లేదా 50/0.25
- 4 చ.మి.మీ.: 56/0.3
- 6 చ.మి.మీ.: 84/0.3

లెక్క మీరే వేసుకోవచ్చు. పోగుల సంఖ్య × 0.785 × పోగు మందం × పోగు మందం. 36 × 0.785 × 0.3 × 0.3 = 2.54. పోగుల సంఖ్య కంపెనీని బట్టి మారినా ఈ లబ్ధం చెప్పిన సైజుకు దగ్గరగా రావాలి.

## 3. పాత పేర్లు: 3/20, 7/20, గేజి

పాత ఇంటికి మరమ్మతు చేయిస్తుంటే "త్రీ బై ట్వంటీ", "సెవెన్ బై ట్వంటీ" అనే మాటలు వినపడతాయి. మొదటి అంకె పోగుల సంఖ్య, రెండోది గేజి నంబరు. గేజిలో నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 18 గేజి 1.22 మి.మీ., 20 గేజి 0.91 మి.మీ., 22 గేజి 0.71 మి.మీ.

- 1/18: 1.17 చ.మి.మీ.
- 3/22: 1.19 చ.మి.మీ.
- 3/20: 1.97 చ.మి.మీ.
- 7/22: 2.78 చ.మి.మీ.
- 7/20: 4.6 చ.మి.మీ.

చూడండి, 3/20 అన్నది ఇప్పటి 1.5కూ 2.5కూ మధ్యలో పడింది. ఆ పేరుతో అడిగితే ఎవరికి తోచింది వాళ్లు ఇస్తారు. చీటీలో పాత పేరు కనపడితే కొట్టేసి చదరపు మిల్లీమీటర్లలో రాయించండి. పాత ఇంట్లో ఉన్న వైరు రాగేనా, అల్యూమినియమా అన్నది కూడా కొస గీకి చూసుకోండి.

అమెరికాలో ఉండే మనవాళ్ల కోసం ఒక ముక్క. అక్కడి ఏడబ్ల్యూజీ (అమెరికన్ వైర్ గేజి) వేరే గేజి పద్ధతి, కాని నంబరు పెరిగితే తీగ సన్నబడటం మాత్రం అంతే. 14 నంబరు 2.08 చ.మి.మీ., 12 నంబరు 3.31, 10 నంబరు 5.26. ఇళ్లలో వాటికి వరసగా 15, 20, 30 ఆంపియర్ల బ్రేకర్లు పెడతారు. అక్కడి మామూలు ప్లగ్గులో 120 వోల్టులే కాబట్టి అదే వాట్లకు ఇక్కడికంటే దాదాపు రెట్టింపు కరెంటు పడుతుంది. ఇక్కడి అలవాటుతో అక్కడ సైజు ఎంచుకోవద్దు.

## 4. గది గదికీ లోడు రాయండి

ప్లాను ముందు పెట్టుకుని ప్రతి గదిలో ఏం వాడతారో రాయండి. వాట్లను మన ఇళ్లకు వచ్చే 230 వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి.

- గీజర్ 2000 వాట్లు: 8.7 ఆంపియర్లు
- ఇన్‌స్టంట్ గీజర్ 3000 వాట్లు: 13 ఆంపియర్లు
- ఇండక్షన్ స్టవ్ 2000 వాట్లు: 8.7 ఆంపియర్లు
- ఇస్త్రీ పెట్టె 1000 వాట్లు: 4.3 ఆంపియర్లు
- మిక్సీ 750 వాట్లు: 3.3 ఆంపియర్లు
- ఒకటిన్నర టన్ను ఏసీ: నడిచేటప్పుడు సుమారు 7, 8 ఆంపియర్లు. నేమ్‌ప్లేటు మీద గరిష్ఠ కరెంటు వేరుగా రాసి ఉంటే ఆ అంకెనే తీసుకోండి.

ఇప్పుడు వీటిని సర్క్యూట్లుగా విడదీయాలి. డీబీలో ఒక ఎంసీబీ కింద నడిచేదంతా ఒక సర్క్యూట్. లైట్లు, ఫ్యాన్లు, చిన్న సాకెట్లు కలిపి ఒక సర్క్యూట్‌లో 10 పాయింట్లు, 800 వాట్లు మించకుండా చూసుకోండి. పవర్ సాకెట్లు (పెద్దవి) సర్క్యూట్‌కు రెండు చాలు. ఏసీకి, గీజర్‌కు దేని సర్క్యూట్ దానికే.

వంటగది దగ్గర కాస్త ఆగండి. ఇండక్షన్ 8.7, మిక్సీ 3.3, 1200 వాట్ల ఓవెన్ 5.2. మూడూ ఒకేసారి నడిస్తే 17 ఆంపియర్లు దాటింది. పొద్దున్నే టిఫిను, క్యారేజీల హడావిడిలో ఇవి ఒకేసారి నడవడం మామూలే. పదహారు ఆంపియర్ల ఎంసీబీ కింద ఒక్క లైను వేసి చేతులు దులుపుకుంటే తర్వాత ఆ ఇంటి ఆడవాళ్లు ట్రిప్ అయిన ఎంసీబీ పైకెత్తుతూ ఉండాల్సి రావచ్చు. వంటగదికి రెండు పవర్ సర్క్యూట్లు వేయించండి. ఒకటి ఇండక్షన్ వైపు, ఒకటి మిక్సీ, ఓవెన్ వైపు. ఖర్చు తగ్గించుకోవాలంటే ఇంకెక్కడైనా తగ్గించండి, ఇక్కడ మాత్రం వద్దు.

## 5. ఎంసీబీకి తగిన వైరు

ఎంసీబీ ఉన్నది ముందుగా వైరును కాపాడటానికి. అంటే వైరు వేడెక్కకుండా మోయగలిగే కరెంటు కంటే ఎంసీబీ అంకె తక్కువ ఉండాలి. లోడు ≤ ఎంసీబీ ≤ వైరు సామర్థ్యం. ఈ మూడింటి వరస తప్పితే వైరింగ్ తప్పినట్టే.

పైపులో వేసిన రాగి పీవీసీ వైర్లకు నేను వాడే అంకెలు, వాటికి పెట్టే ఎంసీబీలు:

- 1 చ.మి.మీ.: 11 ఆంపియర్లు, ఎంసీబీ 6
- 1.5 చ.మి.మీ.: 13 ఆంపియర్లు, ఎంసీబీ 10
- 2.5 చ.మి.మీ.: 18 ఆంపియర్లు, ఎంసీబీ 16
- 4 చ.మి.మీ.: 24 ఆంపియర్లు, ఎంసీబీ 20
- 6 చ.మి.మీ.: 31 ఆంపియర్లు, ఎంసీబీ 25
- 10 చ.మి.మీ.: 42 ఆంపియర్లు, ఎంసీబీ 40

కంపెనీ క్యాటలాగులో ఇంతకంటే పెద్ద అంకెలు కనిపించవచ్చు. అవి గోడ మీద గాలి తగిలేలా క్లిప్పులతో బిగించిన వైరుకా, పైపులో వైరుకా, వేడిని ఎక్కువ తట్టుకునే రకానికా అన్నది చూసుకోండి. మన ఇళ్లలో వైర్లు గోడలో, శ్లాబులో పైపుల లోపల ఉంటాయి. లెక్కకు పైపు అంకెలే తీసుకోవాలి.

వాడుక ప్రకారం చెప్పాలంటే ఇలా:

- స్విచ్ నుంచి లైటు, ఫ్యాను దాకా: 1 లేదా 1.5
- డీబీ నుంచి లైట్ల బోర్డు దాకా: 1.5
- పవర్ సాకెట్, 2000 వాట్ల గీజర్: 2.5
- ఏసీ, 3000 వాట్ల గీజర్: 4

ఏసీకి 2.5 సరిపోతుందని చాలామంది చెబుతారు. కాగితం మీద నిజమే. నేను 4 ఎందుకు అంటున్నానో తర్వాతి భాగంలో ఉంది.

## 6. ఎండ, పైపులో రద్దీ

పై అంకెలు చుట్టూ 40 డిగ్రీల వేడి ఉందనుకుని, పైపులో ఒకే సర్క్యూట్ ఉందనుకుని ఇచ్చినవి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో పై అంతస్తు శ్లాబు మీద చెయ్యి పెట్టి చూడండి. పైపులు ఉండేది ఆ శ్లాబులోనే.

మామూలు పీవీసీ తొడుగు నిరంతరం తట్టుకోగలిగేది 70 డిగ్రీలు. చుట్టూ వేడి 50 డిగ్రీలకు చేరితే వైరు మోసే శక్తి 0.82 వంతుకు పడిపోతుంది. 2.5 వైరు 18 నుంచి 14.8 ఆంపియర్లకు దిగుతుంది. దాని ముందున్న ఎంసీబీ మాత్రం 16 దగ్గరే ఉంటుంది. వరస తప్పింది కదా. ఏసీ ఎక్కువసేపు నడిచేది సరిగ్గా ఆ వేడి రోజుల్లోనే. అందుకే పై అంతస్తులో ఏసీకి నేను 4 కంటే తక్కువ ఒప్పుకోను.

రద్దీ లెక్క ఇంకా కఠినం. ఒకే పైపులో రెండు నిండు లోడు సర్క్యూట్లు వెళ్తే 0.8తో, మూడు వెళ్తే 0.7తో గుణించాలి. మూడు పవర్ లైన్లు ఒకే పైపులో కుక్కితే 2.5 వైరు 12.6 ఆంపియర్లకు దిగుతుంది. శ్లాబు పోసే ముందే ఏసీకి, గీజర్‌కు విడి పైపులు వేయించండి. పైపు లోపలి ఖాళీలో వైర్లు 40 శాతం మించకూడదు. మేస్త్రీ సబ్బు నీళ్లు పోసి ఇద్దరి చేత లాగిస్తున్నాడంటే ఆ హద్దు ఎప్పుడో దాటిందని అర్థం.

## 7. దూరం ఎక్కువైతే: బోరు మోటారు లెక్క

ఇంటి లోపల దూరాలు చిన్నవి కాబట్టి వోల్టేజి తగ్గుదల పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. పెరట్లో బోరు, గేటు లైట్లు, కొట్టం, పొలం వీటికి మాత్రం లెక్క వేయాల్సిందే.

వోల్టేజి తగ్గుదల = 2 × దూరం మీటర్లలో × ఆంపియర్లు × కిలోమీటరుకు ఓంలు ÷ 1000.

రెండుతో ఎందుకంటే కరెంటు ఫేజులో వెళ్లి న్యూట్రల్‌లో తిరిగి రావాలి. సన్న పోగుల రాగి వైరుకు 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకు గరిష్ఠంగా ఉండదగిన ఓంలు ఇవి: 1.5కు 13.3, 2.5కు 7.98, 4కు 4.95, 6కు 3.3.

సింగిల్ ఫేజు మోటారు 10 ఆంపియర్లు తీసుకుంటోంది, డీబీ నుంచి మోటారు దాకా 60 మీటర్లు అనుకుందాం. బోరు లోతు కూడా ఇందులో కలపాలి, చాలామంది మరిచిపోయేది అదే.

- 1.5 వైరుతో: 16 వోల్టులు పోతాయి
- 2.5 వైరుతో: 9.6 వోల్టులు
- 4 వైరుతో: 5.9 వోల్టులు

లైట్లకు 3 శాతం, మిగతా వాటికి 5 శాతం మించకపోవడం సాధారణంగా పాటించే హద్దు. 230కి 5 శాతం అంటే 11.5 వోల్టులు. 2.5 హద్దులోనే ఉంది. కాని వైరు వేడెక్కితే ఓంలు పెరుగుతాయి, మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు నడిచే కరెంటుకు ఎన్నో రెట్లు లాగుతుంది, సాయంత్రం ఊళ్లో లో వోల్టేజి ఉంటే మొదటి నుంచే 200 దగ్గర ఉంటుంది. అప్పుడు మోటారు తిరగకుండా గుర్రుమంటుంది, వైండింగ్ కాలుతుంది. ఒకసారి రీవైండింగ్ చేయిస్తే అయ్యే ఖర్చు, నీళ్లు లేని ఆ రెండు రోజుల టెన్షన్ తలచుకుని 4 వేయించేయండి.

## 8. మీటరు నుంచి డీబీ దాకా, న్యూట్రల్, ఎర్త్

రెండు బెడ్రూముల ఇల్లు, సింగిల్ ఫేజు. రెండు ఏసీలు 15 ఆంపియర్లు, ఇండక్షన్ 8.7, ఒక గీజర్ 8.7, లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ కలిపి 4, 5. అన్నీ కలిసిన వేళ 37 దాకా వస్తుంది. 6 వైరు 31 దగ్గరే ఆగుతుంది కాబట్టి 10 కావాలి. ఇంత లోడుకు మీకు మంజూరైన కిలోవాట్లు సరిపోతాయో లేదో కరెంటు బిల్లు తీసి చూసుకోండి. మూడు ఫేజుల మీటరు అయితే లోడు పంచుకుంటుంది, ఫేజుకు 6 చాలు.

న్యూట్రల్ ఎప్పుడూ ఫేజు సైజులోనే ఉండాలి. ప్రతి సర్క్యూట్‌కు దాని న్యూట్రల్ దానికే ఉండాలి. ఎర్త్ కూడా ఇంటి సైజులన్నింటిలో, అంటే 16 దాకా, ఫేజుతో సమానమే. "ఎర్త్‌లో కరెంటు పోదు కదా, 1 చాలు" అనే మాట మీరు కచ్చితంగా వింటారు. అది పనిచేయాల్సిన ఒకే ఒక్క క్షణంలో, అంటే గీజర్ బాడీకి ఫేజు తగిలినప్పుడు, దాని గుండా పోయేది వందల ఆంపియర్లు కావచ్చు. ఎంసీబీ వెంటనే పడాలంటే ఆ దారి గట్టిగా ఉండాలి. డీబీలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించండి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్ అది. ఎర్త్ మంచిదైనా సరే, ఇది ఉండాలి.

## 9. ఎన్ని కాయిళ్లు కావాలి

కాయిల్ అంటే మన దగ్గర మామూలుగా 90 మీటర్లు. కాయిల్ మొత్తం ఒకే రంగు. కాబట్టి సైజు వారీగానే కాదు, రంగు వారీగా కూడా కూడాలి. ఫేజుకు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు ఆకుపచ్చ. మూడు ఫేజులైతే ఎరుపు, పసుపు, నీలం.

వైరు ఐమూలగా పోదు. డీబీ నుంచి శ్లాబు దాకా 1.5 మీటర్లు, అడ్డంగా 8, ఏసీ బాక్సు దాకా కిందికి 1. మొత్తం 10.5. డీబీలోనూ బాక్సులోనూ మలచడానికి కలిపి ఒక మీటరు. అంటే ఆ ఒక్క ఏసీకి ఎరుపు 11.5, నలుపు 11.5, ఆకుపచ్చ 11.5. ఇలా అన్ని సర్క్యూట్లూ కూడి, పైన పదో వంతు కలిపి కొనండి. రంగు అయిపోయిందని ఎర్త్‌కు ఎర్ర వైరు వాడే పరిస్థితి రాకూడదు. పదేళ్ల తర్వాత ఆ బోర్డు విప్పే మనిషి ప్రాణం ఆ రంగు మీదే ఆధారపడి ఉంటుంది.

## 10. షాపు దగ్గర పరీక్ష

□ వైరు పొడవునా ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 694 (వైర్ల ప్రమాణం నంబరు), సైజు ముద్రించి ఉన్నాయా?

□ సీఎం/ఎల్ తో మొదలయ్యే లైసెన్సు నంబరును ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూశారా?

□ ఎఫ్ఆర్ (మంట త్వరగా పాకని) రకమా, మంటల్లో పొగ తక్కువొచ్చే ఎఫ్ఆర్ ఎల్ఎస్‌హెచ్ రకమా? పడకగదులకు రెండోది మేలు.

□ కాయిల్ తూకం వేశారా?

తూకం మాట వింటే చాలామంది ఆశ్చర్యపోతారు గాని ఇది మంచి పరీక్ష. 90 మీటర్ల కాయిల్‌లో రాగి ఒక్కటే 1 చ.మి.మీ.కు సుమారు 0.8 కిలో, 1.5కు 1.2, 2.5కు 2, 4కు 3.2 కిలోలు ఉండాలి. దీనిపైన తొడుగు బరువు అదనం. 2.5 కాయిల్ మొత్తం కలిపినా రెండు కిలోలు తూగకపోతే పొడవైనా తక్కువ, రాగైనా తక్కువ, లేదా లోపలున్నది రాగి పూత పూసిన అల్యూమినియం. పోగును బ్లేడుతో గీకండి. తెల్లగా మెరిస్తే అక్కడే వదిలేయండి.

తర్వాత కొసన ఒక అంగుళం తొడుగు ఒలవండి. పోగుల పురి విప్పి, తెల్ల కాగితం మీద విసనకర్రలా పరిచి, పెన్ను కొనతో ఐదేసి చొప్పున పక్కకు జరుపుతూ లెక్కపెట్టండి. ఆపైన మూడు నాలుగు పోగుల మందం స్క్రూగేజితో చూడండి. 36 పోగులూ ఉండి, మందం 0.30 బదులు 0.27 ఉందనుకోండి. కంటికి ఆనే తేడా కాదు. లెక్క వేస్తే 2.06 చ.మి.మీ. వస్తుంది. 2.5కు డబ్బులిచ్చి రెండు కొన్నట్టు.

కాస్త తేడా వస్తే మాత్రం షాపువాడితో గొడవ పెట్టుకోకండి. ప్రమాణంలో ఆఖరి తీర్పు పోగుల లెక్కది కాదు, రెసిస్టెన్స్‌ది. అందుకని నాలుగైదు శాతం తగ్గినంత మాత్రాన వైరు చెడ్డదని కాదు.

## 11. లాగేటప్పుడు జరిగే తప్పులు, వాటి సవరణ

మా పిన్ని వాళ్లింట్లో గీజర్ వేసినప్పుడల్లా బాత్రూం బయట ఏదో కాలిన వాసన వచ్చేది. చీటీలో 2.5 ఉంది, కొన్నదీ 2.5నే. మెయిన్ ఆపి బోర్డు విప్పితే అసలు సంగతి తెలిసింది. డీబీ నుంచి హాలు బోర్డు దాకా 2.5 వచ్చింది. అక్కడి నుంచి గీజర్ సాకెట్ దాకా ఆరేడు మీటర్లు, మిగిలిపోయిన 1 వైరుతో లాగారు. అదీ మరో రెండు లైన్లున్న పైపులో. ఎర్ర తొడుగు ఇటుక రంగుకు మారి, వేలితో వంచితే ఎండుటాకులా పెళుసుగా విరిగింది. వైరింగ్ చేసిన మనిషిని అడిగితే "కాయిల్ అయిపోయింది" అన్నాడు. డీబీలో ఎంసీబీ 16. అది కాపాడుతున్నది 2.5 వైరును, మధ్యలో చేరిన సన్న వైరు సంగతి దానికి తెలియదు. ఆ రోజు నుంచి ఏ ఇంటికి వెళ్లినా నేను డీబీ దగ్గర ఒక్కచోటే కాదు, ప్రతి సాకెట్ వెనకా సైజు చూస్తాను.

ఇంకా తరచూ కనిపించేవి:

పోగులు కత్తిరించడం. స్విచ్ రంధ్రంలో వైరు దూరకపోతే కొన్ని పోగులు కట్ చేసి మిగతావి దూరుస్తారు. 36లో పది తీసేస్తే అక్కడ మిగిలింది 1.84 చ.మి.మీ. ఆ మెడ దగ్గరే వేడెక్కుతుంది. సవరణ: పిన్ లగ్గు (పోగులన్నింటినీ కలిపి పట్టే లోహపు కొస) వేసి నొక్కించడం, లేదా ఆ వైరుకు తగిన సాకెట్ తీసుకోవడం.

పైపులో జాయింట్. జాయింట్ బాక్సులోనే ఉండాలి. పైపు మధ్యలో టేపు చుట్టిన అతుకు ఉంటే ఆ ముక్క లాగేసి కొత్త వైరు వేయించండి.

ఎంసీబీ పెంచడం. 10 ఎంసీబీ మాటిమాటికీ పడుతోందని 20 పెట్టేస్తారు. పడటం ఆగుతుంది, వైరు కాలడం మొదలవుతుంది. సవరణ: ఆ సర్క్యూట్ లోడును రెండుగా విడదీయడం.

ఉమ్మడి న్యూట్రల్. రెండు పవర్ లైన్లకు ఒకే 2.5 న్యూట్రల్ వేస్తే, సింగిల్ ఫేజు ఇంట్లో దాని మీద రెండింటి కరెంటూ పడుతుంది. ఏ ఎంసీబీకీ ఆ సంగతి తెలియదు. డీబీలో ఎరుపు, నలుపు వైర్ల సంఖ్య సమానంగా ఉందో లేదో లెక్కపెట్టండి.

రాగి, అల్యూమినియం మెలివేయడం. పాత అల్యూమినియం సర్వీసు వైరుకు కొత్త రాగి వైరు చుట్టేస్తే అతుకు తుప్పు పట్టి వదులవుతుంది. రెండు లోహాలకూ పనికొచ్చే లగ్గు లేదా కనెక్టర్ వాడించండి.

ఎక్స్‌టెన్షన్ బాక్సుతో గీజర్. దాని త్రాడు చాలాసార్లు 0.75నే. హీటర్లు, ఇండక్షన్, ఏసీ దానికి పెట్టకూడదు.

## 12. బోర్డులు మూసే ముందు, మూశాక

□ ప్రతి సాకెట్ వెనక వైరు మీద ముద్రించిన సైజు చదివి, చీటీతో సరిచూడండి. ఫొటో తీయండి.

□ శ్లాబులో, గోడలో పైపులు పోయిన దారిని ప్లాస్టరింగ్‌కు ముందే ఫొటోలు తీసి ఉంచండి. రేపు మేకు కొట్టాలన్నా అవే దిక్కు.

□ డీబీ తలుపు లోపలివైపు కాగితం అతికించండి: ఏ ఎంసీబీ దేనికి, దాని కింద వైరు సైజు ఎంత.

□ ఎలక్ట్రీషియన్ చేత మెగ్గర్‌తో ఇన్సులేషన్ పరీక్ష చేయించి, అంకె మీ ముందే రాయించండి.

□ ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే పడిపోతోందా చూడండి.

□ కరెంటు ఇచ్చాక ఏసీ, గీజర్, ఇండక్షన్ గంటసేపు కలిపి నడపండి. తర్వాత వాటిని ఆపి, చెయ్యి పొడిగా తుడుచుకుని, సాకెట్ ప్లేటును, డీబీ కవరును బయటి నుంచి వేళ్ల వెనకభాగంతో తాకండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. వేలు నిలవనంత వేడి ఉన్నా, వాసన వచ్చినా మెయిన్ ఆపించి ఆ సర్క్యూట్ విప్పించండి. స్క్రూ వదులుగా ఉండటం మొదటి అనుమానం, మధ్యలో ఎక్కడో సైజు తగ్గడం రెండోది.

□ నెల తర్వాత మెయిన్ ఆపించి డీబీ స్క్రూలన్నీ ఇంకోసారి బిగించమనండి. సన్న పోగుల వైరు మొదటి కొన్ని వారాల్లో స్క్రూ కింద సర్దుకుని కాస్త వదులవుతుంది.